ఒక్క మాట వదలకుండా

"కూర్చో ఒనొరీన్. సూప్ చల్లారిపోతోంది."

"చల్లారనివ్వండి అత్తయ్యా."

"ఆదివారం పూట బల్ల దగ్గర నిలబడి వాదించే అలవాటు ఈ ఇంట్లో లేదు."

"నా మొగుడి మాటలు ఊరూరా పంచిపెట్టే అలవాటు మాత్రం ఉంది!"

ఉర్సుల్ చేతిలోని గరిటె గిన్నె అంచుకు ఠంగున తగిలింది. ఎదురుగా కూర్చున్న ఆమె మరిది ఇలేర్, చేతిరుమాలు మెడ దగ్గర దోపుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. ఉర్సుల్ కూతురు లెయొకాదీ తల వంచుకుని రొట్టెముక్కను నలుపుతోంది. బయట వాన. వారం రోజులుగా మాకోన్ ఊరి మీద కురుస్తూనే ఉంది. సోన్ నది రేవు మెట్లు సగం దాకా మునిగిపోయాయి.

"ఏం పంచాను? ఎవరికి పంచాను?" అంది ఉర్సుల్.

"నన్నడుగుతారేం? చిన్నమామయ్యగారు మీ ఎదురుగానే ఉన్నారు. ఆయన్నడగండి. మొన్న నోటరీ గారి భార్య నలుగురిలో నన్ను పట్టుకుని, 'మీ ఆయన మీద జిల్లా ఏలే ప్రిఫెక్టుగారికి ఫిర్యాదు వెళ్ళిందటగా, ఆయన సొంత మాటలే ఆయన్ని పట్టించాయటగా' అని జాలిపడింది. ఆ సొంత మాటలేంటో కూడా చెప్పింది. విని నా తల తిరిగిపోయింది. అవి ఆయన మీకు రాసిన ఉత్తరంలోని మాటలు. ఈ గదిలో, అదిగో ఆ పొయ్యి పక్కన నిలబడి మీరు పైకి చదివిన మాటలు. కోంబ్-నువార్ గని యజమాని చేతికి అవి ఎలా వెళ్ళాయి?"

ఇలేర్ దగ్గాడు.

"అమ్మాయ్, భోజనం దగ్గర ఈ వ్యవహారాలన్నీ..."

"మీకు ఆ గనిలో వాటాలున్నాయి కదా చిన్నమామయ్యగారూ?"

"ఉంటే? దొంగతనమా?"

"ఉన్నాయా లేదా?"

"ఉన్నాయని ఊరందరికీ తెలుసు. ఆ పొయ్యిలో మండేది కూడా కోంబ్-నువార్ బొగ్గే. ప్రతి కొత్త సంవత్సరానికీ పడవలో వేయించి పంపేది నేనే. ఒళ్ళు వెచ్చగా ఉన్నంతసేపూ నా వాటాలు ఎవరికీ గుర్తు రాలేదు!"

ఉర్సుల్ గరిటె పక్కన పెట్టింది. కోపం వచ్చినప్పుడు ఆవిడ గొంతు పెరగదు, తగ్గుతుంది. ఇంట్లో వాళ్ళందరికీ అదే భయం.

"ఇక చాలు. ఆన్సెల్మ్ ఉత్తరం వచ్చింది. చదువుతాను. వాడి మాట విన్నాక ఎవరి నోళ్ళు వాళ్ళే మూసుకుంటారు."

ఒనొరీన్ ఒక్కడుగు ముందుకు వేసింది.

"ఎప్పుడొచ్చింది?"

"గురువారం."

"గురువారం నుంచి మీ సొరుగులో ఉందా? నేను ఇదే ఇంట్లో, పక్క గదిలో..."

"నేనూ విప్పలేదు. లక్క ముద్ర అలాగే ఉంది, చూసుకో. పైన వాడే రాశాడు, 'ఆదివారం, అందరి ముందు' అని. ఈ ఇంట్లో ఉత్తరాలు ఎలా చదువుతారో వాడికి నీకంటే బాగా తెలుసు."

అది నిజమే. ఆ ఇంట్లో ఉత్తరం ఒక్కరిది కాదు. కొడుకు గనుల ఇంజనీరై దక్షిణాన బొగ్గు లోయలకు వెళ్ళిన నాటి నుంచీ అదే పద్ధతి. ఆదివారం పూజ అయ్యాక, భోజనాల దగ్గర, ఉర్సుల్ కళ్ళద్దాలు పెట్టుకుని పొయ్యి పక్కన నిలబడి చదువుతుంది. ఒక్క మాట వదలదు, ఒక్క మాట కలపదు. ఆ గొప్ప ఆవిడే చెప్పుకుంటుంది. బాగున్న ఉత్తరాలకు లెయొకాదీ ప్రతులు రాస్తుంది. ఒకటి షాలోన్‌లోని పెత్తల్లికి, ఒకటి ఇలేర్ బాబాయ్‌కి. తిరుగు ఉత్తరం కూడా అందరూ కలిసి ఒకే కాగితం మీద రాస్తారు. ముందు తల్లి, తర్వాత అక్క. అట్టడుగున నాలుగు వేళ్ళ జాగా మిగిలితే అది భార్యది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒనొరీన్ ఆ నాలుగు వేళ్ళలోనే కాపురం చేస్తోంది. రాసింది మడత పెట్టేముందు అత్తగారు చదువుతుంది కూడా. ఇందులో తప్పేముందని ఆ ఊళ్ళో ఎవరినడిగినా అంటారు. అందరి ఇళ్ళలోనూ అంతే మరి.

ఉర్సుల్ లేచి పొయ్యి పక్కకు వెళ్ళింది. ముద్ర విప్పి, గొంతు సవరించుకుంది.

"'అమ్మా, ఎప్పటిలాగే ఈ ఉత్తరం పైకి చదువు. ఇలేర్ బాబాయ్ కూడా ఉన్నప్పుడే చదువు. ఒక్క మాట కూడా వదలకు. అది నీకు చేతనవునని నాకు తెలుసు.'"

చదివి, కళ్ళద్దాల మీదుగా కోడలి వంక చూసింది. చూశావా అన్నట్టు. పాపం, ఆ చూపు ఎక్కువసేపు నిలవలేదు.

"'కిందటి నెల నీకు కోంబ్-నువార్ సంగతి రాశాను. ఆ గనిని ఆనుకుని తాతల నాడు తవ్వి వదిలేసిన గుంట ఉంది, దాన్నిండా నీళ్ళున్నాయి. ఇప్పుడు కూలీలు తవ్వుతున్న చోటికీ ఆ నీళ్ళకూ మధ్య ఒక్క బొగ్గు గోడే అడ్డం. అది ఎంత మందమో ఎవరికీ తెలియదు. పని ఆపించమని ప్రిఫెక్టుగారికి నివేదిక పంపబోతున్నానని రాశాను. కొడుకు తల్లికి చెప్పుకునే మాట అది. నా నివేదిక ప్రిఫెక్టుగారి బల్ల మీదికి చేరకముందే ఆ ఉత్తరం బ్రిసార్ జేబులోకి చేరింది.'"

బ్రిసార్ అంటే గని యజమాని. ఇలేర్ గ్లాసు అందుకుని ఒక్క గుక్క తాగాడు.

"'బ్రిసార్ దాన్ని ప్రిఫెక్టుగారి ముందు ఆడించాడు. గోడ కొలవకముందే ఈ ఇంజనీరు తీర్పు చెప్పేశాడు చూడండి, ఇళ్ళల్లో కూర్చుని అందరికీ చెప్పుకుంటూ నా గని పేరు చెడగొడుతున్నాడు చూడండి అన్నాడు. ప్రిఫెక్టుగారు నా నివేదిక పక్కన పడేశారు. గనుల సంగతి ఇంట్లో వాళ్ళతో వాగే ఇంజనీరును ఎవరు నమ్ముతారు? పని నడుస్తూనే ఉంది.'"

ఉర్సుల్ గొంతు ఇంకాస్త తగ్గింది. కానీ ఆగలేదు.

"'ప్రతి రాయించింది నువ్వేనమ్మా. వాటాలున్న మనిషి ఇంటికి పంపింది నువ్వే. నా ఉత్తరాలు నీకు ముచ్చట. నలుగురికీ చూపించి మురిసిపోవాలి. ఆ మురిపెం నా నోరు నొక్కేసింది. ఈ ముక్క కూడా పైకే చదువుతున్నావు కదూ?'"

పనిమనిషి పెరీన్ కోడి పళ్ళెం పట్టుకుని తలుపు దాకా వచ్చి, లోపలి ముఖాలు చూసి, అలాగే వెనక్కి వెళ్ళిపోయింది.

"చదువుతున్నానురా," అంది ఉర్సుల్, కాగితంతోనే. "పైకే చదువుతున్నాను."

తర్వాత కూతురి వైపు తిరిగింది.

"లెయొకాదీ."

"అమ్మా..."

"బాబాయ్ ప్రతిలో గని సంగతి వదిలెయ్యమని నీకు చెప్పానా లేదా?"

ఒనొరీన్ ఉలిక్కిపడింది. అంటే అత్తగారికి ప్రమాదం తెలుసన్నమాట. తెలిసే జాగ్రత్త పడాలనుకుందన్నమాట.

"చెప్పావు," అంది లెయొకాదీ.

"మరి?"

"వదల్లేదు."

"ఎందుకు వదల్లేదే?"

లెయొకాదీ రొట్టెముక్క కింద పడేసింది. నలభై దగ్గరపడుతున్న మనిషి. ఆ బల్ల దగ్గర ఆమె గొంతు పెద్దది కావడం అంతకుముందు ఎవరూ వినలేదు.

"నేను ఎప్పుడైనా ఏదైనా వదిలానా? నా చేతిరాత ముత్యాలని, నా ప్రతిలో చుక్క కూడా పోదని మీరంతా ఇన్నేళ్ళూ మెచ్చుకున్నది దేనికి? నాలో మీకు ఇంకేం నచ్చింది గనక? మెచ్చుకోవడానికి నాకున్నది అదొక్కటే! సగం పేరా లేకుండా రాస్తే కింద అతకదు. బాబాయ్ అడుగుతారు, 'ఇదేంటమ్మడూ, ఏదో ఎగిరిపోయిందే' అని. నేనేం చెప్పాలి? అబద్ధం చెప్పాలా?"

"తమ్ముడి నోట్లో మట్టి కొట్టడం కంటే అబద్ధం పెద్దదా?"

"వదిలెయ్యమన్నావు. ఎందుకో చెప్పావా? నాకెప్పుడైనా ఏదైనా చెబుతావా నువ్వు? రాయి అంటావు, రాస్తాను."

"వదినా, పిల్ల మీద పడతారేం?" అన్నాడు ఇలేర్. "ఉత్తరం నాకొచ్చింది, చదివాను. నా సొత్తు మునిగిపోతుందని అందులో ఉంటే నోరుమూసుకు కూర్చోవాలా? బ్రిసార్‌కు చూపించాను. అవును, నేనే చూపించాను. మీ కొడుకు కుర్రాడు. పుస్తకాల్లో చదివిన ప్రతి గోడా కూలిపోతుందనుకుంటాడు. ఆ గని మీద రెండు వందల కుటుంబాలు అన్నం తింటున్నాయి. శీతాకాలంలో దానికి తాళం వేస్తే వాళ్ళకు మీరు పెడతారా, వాడు పెడతాడా?"

"వాళ్ళు బతికుంటే కదా తినడానికి!" అంది ఒనొరీన్.

"నువ్వు ఆగు. నీకేం తెలుసని గనుల గురించి?"

"మీకేం తెలుసు? ఎప్పుడైనా దిగారా?"

ఇలేర్ చేతిరుమాలు సర్దుకున్నాడు. ఆయన దిగలేదు. వాటాలున్న వాళ్ళెవరూ దిగరు.

"ఇంకా ఉంది," అంది ఉర్సుల్. కాగితం తిప్పింది. "బాబాయ్‌కి రాశాడు."

"ఎందుకు, ఇక చాల్లెండి వదినా."

"ఒక్క మాట వదలొద్దన్నాడు. 'ఇలేర్ బాబాయ్, నాన్న పోయాక సోన్‌లో నాకు ఈత నేర్పింది నువ్వు. మునిగినప్పుడు జుట్టు పట్టి లాగింది నువ్వు. అందుకే నీకో మాట చెబుతున్నాను. ప్రభుత్వ ఇంజనీరుగా ఏ గనిలోకైనా ఎప్పుడైనా దిగే అధికారం నాకుంది. దాన్ని బ్రిసార్ తీసెయ్యలేడు. రోజూ పొద్దున్నే కూలీలతో పాటు దిగి, ఆ బొగ్గు గోడ పక్కనే కూర్చుంటున్నాను. సాయంత్రం వాళ్ళతోనే పైకి వస్తున్నాను. గోడ గట్టిదని మీరంతా అంటున్నారు కదా, అయితే నాకేం కాదు. గట్టిది కాకపోతే, ఆ సంగతి అమ్మకు నువ్వే ఉత్తరం రాయి. ప్రతులు అక్క రాస్తుంది.'"

లెయొకాదీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"'నేను అడిగేది ఒక్కటే. ఆ ఉత్తరం నేను బ్రిసార్‌కు గానీ నీకు గానీ పంపలేదని, ఇంట్లో మాటను బయటపెట్టింది నువ్వేనని ఒక కాగితం మీద రాసి సంతకం చేసి పంపు. అప్పుడు ప్రిఫెక్టుగారు నా నివేదిక మళ్ళీ తెరుస్తారు. పని ఆగుతుంది. అంతదాకా నేను కిందే ఉంటాను.'"

ఉర్సుల్ ఆఖరి వరుసకు వచ్చింది. ప్రతి ఉత్తరం చివరా ఉండే వరుసే అది.

"'ఒనొరీన్‌ను నా బదులు ముద్దు పెట్టుకో.'"

ఆ వరుస రాగానే ఉర్సుల్ వెళ్ళి కోడలి నుదుటి మీద ముద్దు పెట్టడం ఆనవాయితీ. కొడుకు చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది ఆవిడ. ఆ రోజూ అలవాటు కొద్దీ రెండడుగులు వేసింది. ఒనొరీన్ కుర్చీ అడ్డం లాగింది.

"దగ్గరికి రాకండి!"

"వాడు రాశాడు..."

"ఆయన మీద కూడా నాకు ఒళ్ళు మండిపోతోంది! మీ మీద, వదిన మీద, ఈయన మీద మండుతున్నట్టే ఆయన మీదా మండుతోంది. రోజూ నీళ్ళ పక్కన వెళ్ళి కూర్చుంటున్నాను అని మొగుడు పెళ్ళాంతో చెప్పాల్సిన మాట కాదా? బాబాయ్‌కి చెప్పాడు. అమ్మ చేత చదివించాడు. నాకు? సూప్ గిన్నె పక్కన నిలబడి నలుగురితో పాటు విన్నాను. నాకు చివర ఒక ముద్దు, అదీ మీ మూతితో!"

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదని లెయొకాదీకి అనిపించింది. ఏడిచే మనిషిని ఓదార్చొచ్చు.

"సంతకం పెట్టండి," అంది ఒనొరీన్ ఇలేర్ వైపు తిరిగి.

"ఏమని? నేను ఇంటిగుట్టు అమ్ముకున్నానని నా చేత్తో రాసిమ్మంటావా? రేపు ఈ ఊళ్ళో ఎవడు నాకు టోపీ తీసి నమస్కారం పెడతాడు?"

"టోపీ కోసమా? ఆయన ప్రాణం పోతుంటే మీకు టోపీలు గుర్తొస్తున్నాయా?"

"ప్రాణం పోదు! వాడు బెదిరిస్తున్నాడు. చిన్నప్పుడూ అంతే. మాట నెగ్గకపోతే బావి గట్టెక్కి కూర్చునేవాడు. వదినా, మీరు చెప్పండి, కూర్చునేవాడా కాదా?"

"కూర్చునేవాడు," అంది ఉర్సుల్. "ఒకసారి పడ్డాడు కూడా."

ఒనొరీన్ బల్ల మీది నీళ్ళ కూజా అందుకుంది. ఎవరి మీద పోస్తుందోనని ఇలేర్ చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె నేరుగా పొయ్యి దగ్గరికి నడిచి కూజా మొత్తం బొగ్గుల మీద గుమ్మరించింది. బుస్సుమని పొగ లేచింది. బూడిద నీళ్ళు ఉర్సుల్ ఆదివారపు గౌను అంచు మీదికి పారాయి.

"నీకు మతి పోయిందా!" అన్నాడు ఇలేర్.

"ఆ బొగ్గు ఈ ఇంట్లో ఇక మండదు."

"చలికి చచ్చిపోతారు!"

"చలి మా బాధ. మీ బొగ్గు సంచులు మీరు తీసుకుపొండి."

ఉర్సుల్ గౌను వంక చూసుకుంది. ఇంకో రోజైతే ఆ మరకకు కోడలు ఏడాది పాటు మాటలు పడేది. ఇవాళ ఆవిడ చల్లారిన పొయ్యి వంకే చూస్తూ నిలబడింది.

ఇలేర్‌కు అవమానం నెత్తికెక్కింది. ఇన్నేళ్ళు పంపిన బొగ్గును అలా తన కళ్ళముందే పొగ చేసేసరికి, చెప్పకూడని మాట నోరు జారింది.

"చెయ్యండి, ఎంత రాద్ధాంతం చేస్తారో చెయ్యండి. గని కూలీల సెంత్ బార్బ్ పండగ దాటితే ఈ గొడవే ఉండదు. అడగడానికి గోడంటూ మిగిలితే కదా!"

"ఏమన్నావు?" అంది ఉర్సుల్.

"ఏం లేదు."

"గోడ మిగలకపోవడమేంటి ఇలేర్?"

"బ్రిసార్ రాశాడు. వ్యాపారం సంగతి, మీకు అర్థం కాదు."

"అర్థమయ్యేట్టు చెప్పు."

ఇలేర్ బల్ల మీద పడిన రొట్టె పొట్టు చేత్తో తుడిచాడు.

"ఈ గొడవ వల్ల ఎప్పటికైనా పని ఆపమని ఉత్తర్వు వస్తుందేమోనని, ఆన్సెల్మ్ పైకి వచ్చాక రాత్రిళ్ళు, పక్క దారి నుంచి ఆ వైపు ఉన్న బొగ్గు ముందే తీసేస్తున్నారు. పండగ నాడు ఎలాగూ ఎవరూ దిగరు. ముందు రోజు ఆఖరి బొగ్గు కొట్టేసి ఆ దారి మూసేస్తారు. మంచి బొగ్గంతా ఆ గోడలోనే ఉంది."

"నీళ్ళను ఆపుతున్న గోడలో," అంది ఒనొరీన్.

"మీరు అలా అంటారు. బ్రిసార్ అనడు."

"ఆయనకు తెలుసా? ఆన్సెల్మ్‌కు తెలుసా, ఆ గోడనే తవ్వేస్తున్నారని?"

ఇలేర్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. చెప్పనక్కర్లేదు. గని పనుల సంగతి యజమాని ఇంజనీరుకు ముందుగా ఎప్పుడు చెప్పాడు గనక.

"పండగ ఎప్పుడు?" అని అడిగింది ఉర్సుల్. ఆవిడకు తెలియక కాదు. బుర్ర పనిచెయ్యలేదు.

"బుధవారం," అంది లెయొకాదీ.

అంటే మంగళవారం ఆఖరి దెబ్బ. ఇవాళ ఆదివారం.

ఒనొరీన్ లోపలికి వెళ్ళి పైకోటు తెచ్చుకుంది. బూట్లు తొడుక్కుంటుంటే ఉర్సుల్ గోడ మేకు మీది టోపీ తీసి మరిది చేతిలో పెట్టింది. ఇలేర్ నిట్టూర్చి దాన్ని తల మీద పెట్టుకున్నాడు. పొమ్మంటున్నారనుకున్నాడు.

"వెళ్తాను వదినా. మీరంతా స్థిమితపడ్డాక..."

"ఇంటికి కాదు," అంది ఉర్సుల్. "కోడలితో పాటు వెళ్ళు. దక్షిణానికి పోయే లియోన్ గుర్రబ్బండి చీకటి పడకముందే వస్తుంది. వెళ్ళి ఆ బ్రిసార్‌తో పని ఆపమను. లేకపోతే నా కొడుకు పక్కన ఆ గోడ దగ్గర నువ్వూ కూర్చో."

"ఈ వానలోనా?"

"వాడు తడుస్తానని ఆగాడా?"

లెయొకాదీ అప్పటికే రాతబల్ల దగ్గరుంది. వీళ్ళు అరుచుకుంటున్నంతసేపూ ఆమె కలం ఆగలేదు. సిరా ఆరడానికి ఇసుక చల్లి, ఊది, కాగితం తెచ్చి బాబాయ్ ముందు పట్టుకుంది. అన్నీ ఉన్నాయి అందులో. ఉత్తరం ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ప్రతి ఎవరు తీశారు, బ్రిసార్‌కు ఎవరిచ్చారు. తన పేరు కూడా దాచుకోలేదు.

"ఒక్క మాట వదల్లేదు బాబాయ్. సంతకమొక్కటే మీది."

ఇలేర్ చదివాడు. సంతకం పెట్టలేదు. కాగితం మడిచి తన జేబులో పెట్టుకోబోతే ఒనొరీన్ దాన్ని ఆయన చేతిలోంచి లాక్కుంది.

గుమ్మం దాకా వచ్చిన ఉర్సుల్ కోడలి చెయ్యి పట్టుకుంది. అన్ని ఏళ్ళలో మొదటిసారి ఆవిడకు మాట వెతుక్కోవాల్సి వచ్చింది.

"ఆన్సెల్మ్‌ను... నా బదులు..."

"ఒకరి బదులు ఒకరు ముద్దులు పెట్టింది చాలు అత్తయ్యా," అంది ఒనొరీన్. "ఆయన బతికి వస్తే మీరే పెట్టుకోండి."

ఉర్సుల్ చెయ్యి వదిలేసింది.

బండ్ల కచేరీ రేవుకు ఎదురుగానే ఉంది. పారిస్ నుంచి లియోన్ వెళ్ళే పెద్ద బండి అప్పుడే వచ్చి ఆగింది. గుర్రాలు మారుస్తున్నారు. నది మీద ప్రయాణికుల్ని చేరవేసే పడవను పొంగు వల్ల మూడు రోజులుగా కట్టేశారు, అందుకే జనమంతా దీనికే ఎగబడ్డారు. గుమాస్తా చేతిలో లాంతరు పట్టుకుని వానలో అరుస్తున్నాడు.

"ఒక్క చోటే! లోపల ఒక్కటే ఉంది! ఎవరెక్కుతున్నారు?"

ఒనొరీన్ ఇలేర్ వైపు తిరిగింది. కోటు లోంచి కాగితం తీసింది. గుమాస్తా బల్ల మీద కలం, సిరా ఉన్నాయి.

"సంతకం పెట్టండి. నేను ఎక్కుతాను. మీరు ఇంటికి పోయి వెచ్చగా కూర్చోండి. మిమ్మల్ని ఇంకేమీ అడగను."

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే ఇది వట్టి కాగితం. దీన్ని పట్టుకుని నేను వెళ్ళి ఎవరికి చూపించాలి?"

"తొందరగా తేల్చండి!" అని అరిచాడు గుమాస్తా.

ఇలేర్ కలం అందుకున్నాడు. సిరాలో ముంచాడు. వాన చినుకు ఒకటి కాగితం మీద పడి లెయొకాదీ అక్షరాలను చెరిపింది. ఆయన నది వైపు చూశాడు. ఇరవై ఏళ్ళ కిందట ఆ మెట్ల దగ్గరే ఒక పిల్లాడి జుట్టు పట్టి పైకి లాగాడు. ఆ మెట్లు ఇప్పుడు కనిపించడం లేదు.

"మా అన్న ఉంటే ఇదంతా జరిగేది కాదు," అన్నాడు.

"సంతకం, చిన్నమామయ్యగారూ."

ఇలేర్ కలం బల్ల మీద పడేశాడు. ఒనొరీన్‌ను పక్కకు నెట్టి, ఆ వయసులో ఎవరూ అనుకోనంత చురుగ్గా మెట్టెక్కి బండిలో కూలబడి తలుపు వేసుకున్నాడు.

"చిన్నమామయ్యగారూ! ఎవరి దగ్గరికి వెళ్తున్నారు? బ్రిసార్ దగ్గరికా, ఆయన దగ్గరికా? చెప్పండి!"

ఆమె అద్దం మీద పిడికిలితో బాదింది. అద్దానికి ఆవిరి పట్టేసింది. లోపల ఇలేర్ ముఖం ఎటు తిరిగి ఉందో కూడా కనిపించలేదు. చెర్నాకోల మోగింది. చక్రాలు బురద చిమ్ముతూ కదిలాయి.

కాగితం ఆమె చేతిలో తడిసి ముద్దవుతోంది. అట్టడుగున, సంతకానికి వదిలిన చోటు నాలుగు వేళ్ళ మేర ఖాళీగా ఉంది.

గుమాస్తాకు జాలేసింది.

"ఇక రేపు సాయంత్రమే తల్లీ. ఏమైనా ఉత్తరముంటే రాసివ్వండి, ఆ బండిలో పంపిస్తాను."

"ఉత్తరాలు చాలు," అంది ఒనొరీన్. రేవులో ఖాళీ బొగ్గు పడవలు ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. దక్షిణం నుంచి బొగ్గు తెచ్చిన పడవలు. తిరిగి అటే పోవాల్సినవి. పొంగు కూడా అటే పోతోంది.

"ఇంత పొంగులో కిందికి పడవ తీసే మొనగాడు ఎవడైనా ఈ రేవులో ఉన్నాడా?" అని అడిగింది.

గుమాస్తా లాంతరు ఎత్తి ఆమె ముఖంలోకి చూశాడు. వేళాకోళం కాదని తెలుసుకుని, రేవు చివర వెలుగుతున్న ఒకే ఒక్క కిటికీ వైపు చెయ్యి చూపించాడు.

"ఒకడున్నాడు. కానీ అమ్మా, వాడిప్పుడు పని చేసేది బ్రిసార్‌గారి దగ్గరే."